కాలు కింద పెట్టనివ్వాలి

మా లైను ఇళ్లలో పెద్దవాళ్లని బాగా చూసుకునే పిల్లల్ని మెచ్చుకోవాలంటే ఒకటే మాట: "కాలు కింద పెట్టనీయకుండా చూసుకుంటున్నారమ్మా" అని. పోయిన ఏడాది మా అమ్మకి పక్షవాతం వచ్చినప్పుడు ఆ మెప్పు నాకూ దక్కింది. అదే అమ్మకి చేటు చేస్తోందని తెలియడానికి నెల పట్టింది.

అమ్మ కోయంబత్తూరులో మిల్లు రీలింగ్‌లో 28 ఏళ్లు నిలబడి పనిచేసిన మనిషి. కూర్చుని అన్నం తినడం రిటైరయ్యాకే నేర్చుకుందని నాన్న ఎగతాళి చేసేవాడు. అలాంటి మనిషికి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. తొమ్మిదో రోజున ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశారు. నేను కోన్ వైండింగ్‌లో షిఫ్టు మనిషిని, తమ్ముడు తిరుపూరులో. సెలవులు ఎన్నాళ్లు పెడతాం? ఒక ఏజెన్సీ ద్వారా రోజుకి 800 రూపాయలకి ఒకామెను పెట్టుకున్నాం.

ఆమె చెడ్డది కాదు. ఒళ్లు తుడిచేది, తల దువ్వేది, తినిపించేది, అన్నీ మంచం మీదే. అమ్మ కుడి చెయ్యి బాగానే ఉంది కదా, ముద్ద తనే పెట్టుకోగలదు కదా అని నాకూ తట్టలేదు. తినిపిస్తే పది నిమిషాలు. తనే తింటే ముప్పావుగంట, చీరంతా సాంబారు. నెల తిరిగేసరికి అమ్మ ఆనుకోకుండా కూర్చోలేకపోయింది. నడుం కింద చర్మం ఎర్రబడింది. ఏమడిగినా "నీ ఇష్టం" అనేది. నాకు దానికే ఎక్కువ భయమేసింది.

పక్కింటికి బీపీ మాత్రలు తెచ్చిచ్చే అమ్మాయి ఒకరోజు తొంగిచూసి అమ్మ పేరు రాసుకుంది. తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో మొదలుపెట్టిన 'మక్కళై తేడి మరుత్తువం', అంటే జనాన్ని వెతుక్కుంటూ వచ్చే వైద్యం, బీపీ షుగరు మందులకే అనుకున్నాను. మంచాన పడ్డవాళ్లకి ఇంట్లోనే ఫిజియోథెరపీ కూడా అందులో ఉందట, డబ్బు కట్టక్కర్లేదు. ఎన్నాళ్లుగానో ఆ అమ్మాయి మా గుమ్మం ముందు నుంచే పోతోంది. నేనే అడగలేదు.

వచ్చిన ఫిజియో చిన్నపిల్ల. చెయ్యి పట్టి చూడకముందే స్టూలు లాక్కుని కూర్చుని, "మీకు ముందుగా ఏం చెయ్యాలనుంది?" అని తమిళంలో అమ్మనే అడిగింది. నన్ను కాదు. అమ్మ చాలాసేపు పలకలేదు. తర్వాత, "బాత్రూముకి నేనే పోవాల" అంది. ఆరు వారాల పనంతా ఆ ఒక్క మాట చుట్టూనే సాగింది.

ఆ అమ్మాయి వారానికోసారి వచ్చేది, మిగతా ఆరు రోజులకీ పని మాకు నేర్పి పోయేది. పడిపోయిన చెయ్యి పట్టి లేపకూడదు, భుజం జారుతుంది. రవికె తొడిగేటప్పుడు ముందు పడిపోయిన చెయ్యి, విప్పేటప్పుడు ముందు మంచి చెయ్యి. చేతికర్ర మంచి చేతిలోనే. మెట్టెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు బలం లేని కాలు ముందు. కింద సామాను పెట్టుకోవడానికని మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టాం, అవి తీయించింది. కూర్చుంటే పాదాలు నేలకి ఆనాలిగా! బాత్రూములో స్నానానికి స్టూలు వేశాం, ఎదురింటి ఫిట్టరన్న గోడకి పైపు ముక్క బిగించాడు.

ఇవన్నీ సులువే. చేతులు కట్టుకుని చూస్తూ నిలబడటమే కష్టం. రవికెకి ఇరవై నిమిషాలు పట్టేది, నాకు షిఫ్టు టైమయ్యేది. ఏజెన్సీ ఆమె కూడా, "ఊరికే చూస్తూ నిలబడితే జీతం దేనికని ఇంటివాళ్లు తిడతారక్కా" అంది. ఆమె తప్పేముంది? మేమూ అదే తిట్టేవాళ్లం. పక్షవాతంలో కోలుకోవడం మొదటి మూడు నెలల్లోనే ఎక్కువట. అందులో ఒక నెల మేం ప్రేమతో పోగొట్టాం. ఇప్పుడెవరైనా మనిషిని పెట్టుకుంటున్నామంటే, ఏమేం చేసిపెడతావని కాదు, ఎన్ని వారాల్లో నీ అవసరం లేకుండా చేస్తావని అడగమంటున్నాను.

ఇంకో సంగతి. రిటైరైన కార్మికులు కనీసం ఐదేళ్లు బీమాలో ఉండి ఉంటే, ఏడాదికి 120 రూపాయలు కట్టి భార్యాభర్తలిద్దరూ ఈఎస్ఐ వైద్యం పొందొచ్చు. మేం కట్టడం మర్చిపోయాం. మీరు మర్చిపోకండి.

ఆరో వారంలో ఒక రాత్రి కర్ర చప్పుడుకి మెలకువొచ్చింది. లేవబోయి ఆగాను. బాత్రూము తలుపు మూసుకుంది. లోపల గడియ పెట్టొద్దని ఫిజియో మరీమరీ చెప్పింది. అమ్మ గడియ పెట్టుకుంది. బయటికొచ్చేదాకా నేను ఊపిరి బిగబట్టి పడుకున్నాను.

ఎడమ పిడికిలి ఇంకా పూర్తిగా తెరుచుకోదు. ముగ్గు కుడిచేత్తో వేస్తుంది, స్టూలు మీద కూర్చుని, గుమ్మం ముందు జానెడంత. స్నానానికి వాడిన స్టూలుని పోయిన నెల మూడో ఇంటి తాతకి ఇచ్చాం, ఆయనకీ పక్షవాతమే. చొక్కా ఏ చెయ్యి ముందు తొడగాలో అమ్మే కర్ర పట్టుకుని వెళ్లి వాళ్ల కోడలికి చెప్పి వచ్చింది.