తామర ఎక్కడి నుంచి వస్తుంది? ఇంట్లో అందరికీ ఎలా పాకుతుంది?



ఉక్కపోత మొదలైతే చాలు, మా చర్మవ్యాధుల గది ముందు వరుస పెరుగుతుంది. వారిలో చాలామందిది తామరే. చూపించుకోవడానికి ఒకరు వస్తారు, తోడు వచ్చినవారూ వెనక నిలబడి గోక్కుంటూ ఉంటారు. రక్తం చెడిపోయిందనీ, వేడి చేసిందనీ, వంకాయ పడలేదనీ చెబుతారు. ఇవేవీ కారణం కాదు. తామరకు కారణం ఫంగస్, అంటే బూజు జాతికి చెందిన సూక్ష్మజీవి.

నిల్వ పచ్చడి మీద, తడి గోడ మీద పెరిగే బూజుకు ఇది దూరపు చుట్టమే. శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టిన ఫంగస్ రకాలు దాదాపు లక్షన్నర ఉన్నాయి. మనిషికి జబ్బు చేసేవి వాటిలో కొన్ని వందలే. మన ఒంటి వేడిని ఎక్కువ రకాలు తట్టుకోలేవు. తామర ఫంగస్ అందుకే సాధారణంగా లోపలికి పోదు. చర్మం పైపొర, వెంట్రుక, గోరు, వీటిలో ఉండే కెరటిన్ అనే గట్టి పదార్థాన్ని తిని బతుకుతుంది.

దీని పుట్టిల్లు నేల. రాలిన ఈకలు, వెంట్రుకలు, కొమ్ములు, గిట్టలు మట్టిలో కలిసినచోట వాటిని తినే ఫంగస్‌లు నేటికీ ఉన్నాయి. వాటి జాతిలోనే కొన్ని కాలక్రమంలో పశువులకు, పిల్లులకు, కుక్కలకు అలవాటుపడ్డాయి. మరికొన్ని మనిషికే అలవాటుపడ్డాయి. దూడ నుంచో పిల్లి నుంచో వచ్చిన తామర ఎర్రగా వాచి, ఒక్కోసారి చీముపట్టి, హడావుడి చేస్తుంది. దాన్ని మన శరీరం పరాయిదని గుర్తుపట్టి గట్టిగా ఎదిరిస్తుంది. మనిషికి అలవాటుపడినది అంత గొడవ చేయదు, నెలల తరబడి కదలదు. మొండిది ఇదే.

తలలో వచ్చే ఒక పొక్కుల జబ్బుకు ఫంగస్ కారణమని 1841లో పారిస్‌లో డేవిడ్ గ్రూబీ అనే వైద్యుడు చూపించాడు. క్షయ క్రిమిని కోక్ కనుగొన్నది 1882లో. అంటే నలభై ఏళ్ల ముందే తామర గుట్టు బయటపడింది. అయినా నేటికీ దాన్ని చిన్న జబ్బుగానే చూస్తున్నాము.

ఈమధ్య కాలంలో మన దేశంలో తామర స్వభావమే మారింది. ఒకప్పుడు కొద్ది వారాల్లో తగ్గే మచ్చలు ఇప్పుడు గజ్జల నుంచి నడుముకు, నడుము నుంచి ముఖానికి పాకుతున్నాయి. భారత, నేపాల్ రోగుల చర్మం నుంచి తీసిన ఈ రకానికి 2020లో జపాన్ పరిశోధకులు ‘ట్రైకోఫైటాన్ ఇండోటినే’ అని పేరు పెట్టారు. తామరకు ఎక్కువగా వాడే టెర్బినాఫిన్ మందుకు ఇది చాలాసార్లు లొంగడం లేదు. 2023లో అమెరికాలోని న్యూయార్క్‌లో ఇద్దరికి ఇది ఉన్నట్టు తేలింది. వారిలో ఒకరు ఆ మధ్యకాలంలో విదేశాలకు వెళ్లనేలేదు.

ఇంతగా పెరగడానికి పెద్ద కారణాల్లో ఒకటి మన ఇంటి అల్మారాలోనే ఉంది. స్టెరాయిడ్ కలిపిన ఆయింట్‌మెంట్ రాయగానే దురద, ఎరుపు తగ్గిపోతాయి. మందు పనిచేసిందనుకుంటాము. నిజానికి అణిగింది మన శరీరపు ఎదురుదాడే. ఫంగస్ నిశ్చింతగా పెరుగుతుంది, మచ్చ రూపు మారి డాక్టరుకూ పోల్చుకోవడం కష్టమవుతుంది. చాలాకాలం రాస్తే గజ్జల్లో చర్మం పలచబడి చారలు పడతాయి. ఆ చారలు పోవు. ట్యూబు మీద క్లోబెటాసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్ అన్న పేర్లుంటే అది స్టెరాయిడే. ఇటువంటి ఆయింట్‌మెంట్లను చీటీ లేకుండా అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చినా, అడిగితే ఇచ్చే దుకాణాలు ఉన్నాయి. అయితే ఉబ్బసానికో, కీళ్ల జబ్బుకో డాక్టరు రాసిన స్టెరాయిడ్ మాత్రలను మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

2021లో కోవిడ్ తరువాత ‘బ్లాక్ ఫంగస్’ అన్న మాట విని అందరూ భయపడ్డారు. అది గాలిలో, మట్టిలో ఉండే బూజు. ముఖ్యంగా అదుపులో లేని షుగరు, స్టెరాయిడ్ల మోతాదు ఎక్కువైనవారిలో అది లోపలికి చొరబడింది. ఒకరి నుంచి ఒకరికి అంటుకోలేదు. తామర ప్రాణం తీయదు గాని అంటుకుంటుంది. రాలిన పొట్టులో ఇది నెలల తరబడి బతికి ఉంటుంది. తువ్వాలు, దుప్పటి, లోదుస్తులు, దువ్వెన, ఒకే బుట్టలో కలిపి పడేసిన మాసిన బట్టలు, ఇవే దాని దారులు. లేవీయకాండము 13వ అధ్యాయములో వస్త్రానికి పట్టిన పొడ గురించి చదువుతాము. అది బూజేనని చాలామంది పండితుల అభిప్రాయం. ఉతికి, ఏడు రోజులు విడిగా ఉంచి, మళ్లీ చూసి ఉతకమన్న ఆ క్రమం తామర ఉన్న ఇంటికి పరాయిదేమీ కాదు.

రోగి బట్టలను విడిగా వేడి నీళ్లలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరవేయండి. తడి ఒంటి మీద బట్టలు వేసుకోకండి, బిగుతు జీన్స్ కొంతకాలం మానండి. ఇంట్లో ఎంతమందికి ఉంటే అంతమందీ ఒకేసారి వైద్యం చేయించుకోవాలి, లేకపోతే తగ్గినవారికి మళ్లీ వస్తుంది. మందును మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల వరకు రాయండి. మచ్చ కనబడకుండా పోయాక కూడా కనీసం రెండు వారాలు రాయాలి. చాలామంది దురద తగ్గిన రోజే ఆపేస్తారు. పిల్లల తలలో వచ్చిన తామరకు పూత మందు చాలదు, మాత్రలు కావాలి. షుగరు ఉన్నవారు, గర్భిణులు, కాలేయ జబ్బు ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పండి.

అనుమానం ఉంటే మచ్చ అంచున కొద్దిగా పొట్టు గీకి, మైక్రోస్కోపు కింద చూస్తాము. నొప్పి ఉండదు. వచ్చేటప్పుడు ఇంతవరకు వాడిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, వెంట తీసుకురండి.