మందిరము ఎవరిది? - స్కాల్‌హోల్ట్ చరిత్ర

ఒక విశ్వాసి తన స్థలములో కట్టించిన మందిరము ఆయన కుటుంబానిదా, సంఘానిదా? ఈ ప్రశ్న సంఘ చరిత్రలో క్రొత్తది కాదు. ఐస్‌లాండ్ దక్షిణ భాగములోని స్కాల్‌హోల్ట్ అనే కమతము చరిత్రను ఈ కోణము నుండి పరిశీలిద్దాము.

క్రీ.శ. 1000 ప్రాంతములో ఐస్‌లాండ్ ప్రజలు తమ సభలో క్రైస్తవ మతమును అంగీకరించారు. అప్పటికి ఆ దేశములో పట్టణాలు లేవు. భూమిగల పెద్దలే తమ కమతాలలో మందిరాలు కట్టించారు. గిస్సూర్ అనే నాయకుడు స్కాల్‌హోల్ట్‌లో కట్టించినది అటువంటిదే. ఆయన కుమారుడు ఈస్లీఫూర్ 1056లో ఆ దేశపు మొదటి బిషప్పుగా అభిషేకము పొంది, ఆ ఇంటి నుండే పరిచర్య చేశాడు. బిషప్పుకు ఇల్లున్నది గాని, బిషప్పు పీఠానికంటూ సొంత స్థలము లేదు.

ఈస్లీఫూర్ కుమారుడు, తాత పేరే గల గిస్సూర్, 1082లో బిషప్పు అయ్యాడు. తల్లి దాల్లా జీవితాంతము తన భాగములో నివసింపగోరినందున, భూమి అంతా మొదట ఆయన చేతికి రాలేదు. తరువాత ఆయన దానిని సంఘానికి ఇచ్చివేసి, పీఠము అక్కడే ఉండవలెనని నిర్ణయించాడు. ఆయన కాలములోనే, 1097 ప్రాంతములో, దశమభాగపు చట్టము వచ్చింది. ఆ రాబడిని బిషప్పుకు, యాజకునికి, మందిరానికి, బీదలకు నాలుగు భాగాలు చేశారు.

ఇతర కమతాలలో యాజకుని భాగము, మందిరపు భాగము భూయజమాని చేతికే పోయేవి. 1178-1193లో స్కాల్‌హోల్ట్ బిషప్పుగా ఉన్న థోర్లాకూర్ మందిరాలపై అధికారము కోరగా, యోన్ లోఫ్ట్‌సన్ అనే ప్రముఖుడు ఒప్పుకోలేదు. ఈ తగవు 1297 వరకు తెగలేదు. భూమి అంతా మందిరానిదైన చోట అధికారము బిషప్పుకు, సగము గాని అంతకు మించి గాని గృహస్థునిదైన చోట గృహస్థునికి అని రాజీ కుదిరింది.

గిస్సూర్ ఊహించని మేలు కూడా ఆయన ఇచ్చిన స్థలములో జరిగింది. ఒడ్డూర్ గొట్స్‌కాల్క్‌సన్ అక్కడి పశువుల కొట్టములో రహస్యముగా క్రొత్త నిబంధనను తన భాషలోనికి అనువదించాడని సంప్రదాయము. అది 1540లో అచ్చయింది.

1784 భూకంపములో అక్కడి ఇండ్లు కూలిపోయాయి. మరుసటి సంవత్సరము పీఠమును రేక్యావిక్‌కు తరలించి, కమతమును అమ్మివేశారు. 1963లో క్రొత్త కథీడ్రల్ ప్రతిష్ఠ జరిగినప్పుడు ప్రభుత్వము స్కాల్‌హోల్ట్‌ను తిరిగి సంఘానికి అప్పగించింది.

మన గ్రామ సంఘాలలోనూ నోటిమాటపై ఇచ్చిన స్థలములో నిలిచిన మందిరాలున్నవి. దాత జీవించియుండగానే కుటుంబీకుల హక్కును తేల్చుకొని, దానమును వ్రాతపూర్వకము చేయించుట కాపరి బాధ్యత. అది దాతపై అనుమానము కాదు, ఆయన పిల్లలకూ సంఘానికీ మధ్య సమాధానమును కాపాడుటయే.