పథకం జయప్రదమని ఎప్పుడనవలె?

ఏ పథకమైనను ముగియగానే మూడు ప్రశ్నలు వేయుట వాడుక. గడువులో పూర్తియైనదా? కేటాయించిన సొమ్ము సరిపోయినదా? ముందు నిర్ణయించిన ప్రకారమే ఉన్నదా? మూడింటికీ “అవును” అని జవాబు వచ్చినచో పథకం జయప్రదమైనట్లు లెక్క. ఈ లెక్క చాలదని అమెరికా అంతరిక్ష సంస్థ నాసా చేపట్టిన రెండు పథకాలు తెలుపుచున్నవి.

మొదటిది కుజగ్రహ వాతావరణాన్ని పరిశీలించుటకు తక్కువ ఖర్చుతో నిర్మించిన నౌక. ఇది 1998 డిసెంబరు 11న, కుజయాత్రకు అనువైన కాలం దాటకముందే బయలుదేరినది. నౌకలోని చిన్న ఇంజన్లు కలిగించు ప్రచోదనాన్ని ఒక వర్గంవారు పౌను-సెకండ్లలో లెక్కించి ఇవ్వగా, రెండవ వర్గంవారు అవి న్యూటన్-సెకండ్లని భావించిరి. ఒక పౌను బలం సుమారు 4.45 న్యూటన్లకు సమానం. అందుచే ఇంజన్ల ప్రభావం అసలుకంటె అన్ని రెట్లు తక్కువగా లెక్కకు వచ్చినది. 1999 సెప్టెంబరు 23న నౌక కుజుని చేరునప్పుడు, ఉద్దేశించిన ఎత్తుకంటె చాల క్రిందుగా, సుమారు 57 కిలోమీటర్ల ఎత్తుకు దిగి నష్టమైనది.

రెండవది ఐరోపా అంతరిక్ష సంస్థ సహకారంతో నిర్మించిన హబుల్ దూరదర్శిని. 1983లో పంపదలచిన దీనిని 1990 ఏప్రిల్ 24న గాని పంపలేదు. ఖర్చు అంచనాలను ఎంతో మించినది. తీరా చూడగా చిత్రాలు మసకగా వచ్చినవి. 2.4 మీటర్ల దర్పణం అంచు ఉండవలసినదానికంటె సుమారు రెండు మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో దాదాపు 500వ వంతు, ఎక్కువ చదునుగా ఉండెను. దర్పణాన్ని పరీక్షించు సాధనంలోనే ఒక కటకం 1.3 మిల్లీమీటర్లు తప్పి అమరినది. ఇతర పరీక్షలు దోషాన్ని చూపినను, అవి అంత సూక్ష్మమైనవి కావని త్రోసిపుచ్చిరి.

అయితే కక్ష్యలోనే మరమ్మతు చేయుటకు వీలుగా ఈ దూరదర్శినిని మొదటినుండి రూపొందించిరి. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్ళి, దోషాన్ని సవరించు సాధనాలు అమర్చిరి. తరువాత విశ్వం వయస్సును నిర్ణయించుటకు, విశ్వవ్యాకోచ వేగం పెరుగుచున్నదని 1998లో కనుగొనుటకు హబుల్ తోడ్పడినది.

ఆలస్యం, అతివ్యయం దోషాలు కావని దీని భావం కాదు. అవి పని జరిగిన తీరును కొలుచును, ఫలితాన్ని కొలువలేవు. కావున నాల్గవ ప్రశ్న అవసరం: దేనికొరకు తలపెట్టిరో అది చేకూరినదా? ఈ ప్రశ్నను చివర కాక ఆరంభంలోనే వేసికొన్నచో, ప్రమాణాలను సరిచూచుటకు, తప్పు దిద్దుటకు అవకాశం ముందే కల్పింపవచ్చును. ప్రయోగాన్ని గంటలోపల ముగించిన విద్యార్థి కూడ వేసికొనదగిన ప్రశ్న ఇది.