నలభై దాటకుంటే సరిపోతుందా?

కొత్త స్కూటర్ షోరూం దాటి బయటికి రాగానే మన ఊళ్లో దానికి రెండు జరుగుతాయి. ఒకటి పూజ. సికింద్రాబాద్ వాళ్లయితే స్టేషన్ దగ్గరి గణేశుడి గుడికో, ఉజ్జయినీ మహంకాళి గుడికో తీసుకెళ్లి, బొట్లు పెట్టించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు. రెండోది సలహా. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మొదలుకొని చుట్టపుచూపుగా వచ్చిన బాబాయి దాకా అందరిదీ ఒకటే మాట: "వెయ్యి కిలోమీటర్ల దాకా నలభై దాటించకు, ఇంజిన్ ఫ్రీ అవ్వాలి."

చెప్పేవాళ్లు మన మంచి కోరే చెబుతారు. అందులో సగం నిజమూ ఉంది. మిగతా సగం గేర్ల స్కూటర్ల కాలం నుంచి వచ్చింది, గేర్లు లేని బండికి అతకదు. నలభై ఒక్కసారి కూడా దాటకుండానే కొత్త ఇంజిన్‌ను నానా ఇబ్బంది పెట్టవచ్చు. యాభై మీద పోతూనే దాన్ని పదిలంగా చూసుకోనూవచ్చు. ఎందుకో తెలియాలంటే ఇంజిన్ లోపల ఏం జరుగుతుందో కొంచెం చూడాలి.

ఇంజిన్‌లో సిలిండర్ ఉంటుంది, దాని లోపలి గోడను మెకానిక్కులు బోరు అంటారు. ఆ బోరులో పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది. పిస్టన్ చుట్టూ సన్నటి ఉక్కు రింగులు ఉంటాయి. పైన మండే గ్యాస్ కిందికి జారకుండా, కింద ఉన్న ఆయిల్ పైకి ఎక్కకుండా అడ్డం నిలిచేది ఆ రింగులే. కొత్త బోరును అద్దంలా నున్నగా చేయరు. కావాలనే దాని మీద ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకునే సన్నని గీతలు గీస్తారు. గీతల్లో ఆయిల్ నిలుస్తుంది. గీతల మధ్య మిగిలిన కంటికి కనపడని మొనలు రింగు రాపిడికి అరిగి, రింగూ గోడా ఒకదానికొకటి సరిపడా కుదురుకుంటాయి. ఇంజిన్ ఫ్రీ అవ్వడమంటే ప్రధానంగా ఇదే. ఈ పని చాలావరకు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలోనే అయిపోతుంది.

ఇక్కడో తిరకాసు ఉంది. రింగును గోడకు గట్టిగా అదిమేది దాని సొంత స్ప్రింగు బలం కాదు. మండిన గ్యాస్ రింగు వెనక్కి దూరి దాన్ని బయటికి నెడుతుంది. అంటే ఇంజిన్ మీద కొంత బరువు పడితేనే రింగు కుదురుకుంటుంది. బండిని నత్తనడక నడిపిస్తూ, గంటల తరబడి స్టాండు మీద ఊరికే ఆన్‌లో ఉంచితే ఆ నెట్టుడు చాలదు. గీతల మీద కాలిన ఆయిల్ నున్నటి పొరగా పేరుకుంటుంది. తరువాత రింగులు ఎంత తిరిగినా పట్టు దొరకదు. ఆయిల్ తాగే బండి, పొగ కొట్టే బండి తయారయ్యే దారుల్లో ఇదొకటి. మరోవైపు అతిగా బరువు పెడితే రాపిడి వేడి ఒక్కచోట పేరుకుని పిస్టన్ మీదా బోరు మీదా గాట్లు పడతాయి. కాబట్టి కొత్త ఇంజిన్‌కు కావలసింది మధ్యస్థంగా బరువు, మధ్యమధ్యలో విశ్రాంతి.

మరి నలభై ఎక్కడి నుంచి వచ్చింది? చేతక్, విజయ్ సూపర్, మన హైదరాబాద్ ఆల్విన్ వాళ్ల పుష్పక్ తిరిగిన రోజుల నుంచి. అవన్నీ టూ స్ట్రోక్ బండ్లు. పెట్రోలు బంకులో ఆయిల్ కలిపి పోయించుకునేవాళ్లు. పిస్టన్‌కు అందే ఆయిల్ ఆ పెట్రోలుతో వచ్చేదే, వేరే సరఫరా లేదు. వేడెక్కితే పిస్టన్ పట్టేసి బండి నడిరోడ్డు మీద ఆగిపోవడం ఆ తరానికి కొత్త కాదు. పైగా గేర్ల బండిలో ఇంజిన్ చుట్లకూ బండి వేగానికీ ముడి గట్టిది. నాలుగో గేరులో నలభై అంటే ఇంజిన్ నిమిషానికి ఇన్ని చుట్లు తిరుగుతోందని లెక్క. స్పీడోమీటర్ చూస్తే ఇంజిన్ పరిస్థితి తెలిసిపోయేది. పెద్దల సలహా ఆ బండికి నూటికి నూరుపాళ్లు సరైనదే.

గేర్లు లేని స్కూటర్లో ఆ ముడి తెగిపోయింది. మన దేశంలో 1984లో కైనెటిక్ హోండాతో ఈ తరహా బండి జనంలోకి వచ్చింది, 2001లో యాక్టివా వచ్చాక ఇంటింటి బండి అయింది. ఎడమ వైపు పొడుగాటి కవర్ కింద ముందొక పుల్లీ, వెనకొక పుల్లీ, వాటి మధ్య ఒక బెల్టు ఉంటాయి. ముందు పుల్లీలో చిన్న చిన్న రోలర్లు ఉంటాయి. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ అవి బయటికి విసురుకుపోయి పుల్లీ పలకలను దగ్గరికి నెడతాయి, బెల్టు అంచుకు ఎక్కుతుంది, వెనక పుల్లీలో లోపలికి దిగుతుంది. అదే గేరు మారడం. మెట్లు మెట్లుగా కాకుండా జారుడుగా మారుతుంది, మనకు తెలియదు.

ఇప్పుడు ప్యాట్నీ సిగ్నల్ దగ్గర పచ్చ లైటు పడిందనుకోండి. వెనక ఆర్టీసీ బస్సు హారన్ కొడుతోంది. మీరు చెయ్యి మొత్తం తిప్పేశారు. ఇంజిన్ ఒక్కసారిగా ఎగిసి పై చుట్లకు చేరుతుంది. గేర్లు లేని 110 సీసీ బండ్లు ఖాళీగా ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 1700 చుట్లు తిరుగుతాయి, గరిష్ఠ శక్తి ఇచ్చేది 8000 చుట్ల దగ్గర్లో. చెయ్యి పూర్తిగా తిప్పితే ఇంజిన్ ఆ పై వరసలోకి ఎక్కి అక్కడే కూర్చుంటుంది. బెల్టు నిదానంగా జారుతూ బండి వేగాన్ని దానికి అందిస్తుంది. అప్పుడు మీటరు మీద ఎంత కనిపిస్తుంది? పదిహేను, ఇరవై. "నేను నలభై దాటలేదు" అనుకుంటూ ప్యారడైజ్ చేరేలోపు ఇదే పని మీరు నాలుగైదు సార్లు చేస్తారు. అదే తెల్లవారుజామున కార్ఖానా నుంచి తిరుమలగిరి వైపు చెయ్యి సగం కూడా తిప్పకుండా మెల్లగా వేగం పెంచుకుంటూ యాభైకి చేరినవాడి ఇంజిన్ అంతకంటే ఎంతో తక్కువ చుట్లతో హాయిగా నడుస్తుంది.

అందుకే ఈ బండికి కొలత మీటరు ముల్లులో దొరకదు, మీ కుడి మణికట్టు దగ్గర దొరుకుతుంది. కంపెనీ వాళ్లిచ్చే పుస్తకం తెరిచి చూసినా ఇదే కనిపిస్తుంది. చాలామంది అది సీటు కింద కవర్లోనే ఉంచేస్తారు, వారంటీ కాగితం కోసం తప్ప తీయరు. హోండా మొదటి 500 కిలోమీటర్లు పూర్తి థ్రాటిల్‌తో బయల్దేరవద్దని, ఒక్కసారిగా వేగం పెంచవద్దని, గట్టిగా బ్రేకులు కొట్టవద్దని చెబుతుంది. సుజుకి తన స్కూటర్లకు మొదటి 800 కిలోమీటర్లు సగం థ్రాటిల్ లోపు, 1600 దాకా ముప్పావు లోపు అంటుంది. కొన్ని కంపెనీలు ఇప్పటికీ కిలోమీటర్ల వేగమే రాస్తాయి. మీ బండి పుస్తకంలో ఏముంటే అదే పాటించండి. వేగం రాసి ఉన్నా, ఆ వేగానికి చేరే తీరు మీ చేతిలోదే.

దీనికి పూర్తిగా ఎదురు వాదన కూడా ఉంది. రేసు బండ్ల వాళ్లు కొందరు మొదటి రోజే గట్టిగా తోలితేనే రింగులు బాగా పడతాయంటారు. రింగుకు బరువు కావాలన్న మాట వరకు వాళ్లది నిజమే. కానీ ఆ ఇంజిన్లు నాలుగు రోజులకోసారి విప్పుతారు. మన బండి పిల్లల్ని బడిలో దింపి, మోండా మార్కెట్‌లో కూరగాయలు తెచ్చి, పదేళ్లు నడవాలి. పైగా ఈ కాలపు బోరును ఫ్యాక్టరీలోనే దాదాపు సిద్ధంగా చేసి పంపుతున్నారు, మొండిగా తోలి సాధించాల్సింది అంతగా మిగలలేదు.

కొత్త ఇంజిన్ కుదురుకోవడానికి సికింద్రాబాద్ రోడ్లు ఎలాంటివంటే, అది సమయాన్ని బట్టి ఉంటుంది. పొద్దున్నే మారేడ్‌పల్లి, కార్ఖానా, లోతుకుంట, బొల్లారం వైపు తిరిగితే ఇంతకంటే మంచి దారి దొరకదు. కాస్త ఎత్తు, కాస్త పల్లం, మధ్యలో స్పీడ్ బ్రేకర్, ఒక మలుపు. వేగం తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది, ఇంజిన్ మీద బరువు పడుతూ పోతూ ఉంటుంది. చెయ్యి వదిలినప్పుడు బోరులోకి ఆయిల్ కాస్త ఎక్కువగా చేరి రింగులను చల్లబరుస్తుంది కూడా. కంటోన్మెంట్ వాళ్ల వేగ పరిమితులు మామూలుగా చిరాకు తెప్పిస్తాయిగానీ, కొత్త బండికి అవి మేలే చేస్తాయి. సాయంత్రం ఆరింటికి ప్యారడైజ్ నుంచి బోయిన్‌పల్లి దారి మాత్రం దీనికి పనికిరాదు. గజం కదిలి ఆగడం, మళ్లీ గజం. ఇంజిన్‌కు చల్లగాలి కొట్టే ఫ్యాను క్రాంక్‌కే బిగించి ఉంటుంది కాబట్టి బండి ఆగినా తిరుగుతుంది. కానీ మే నెల ఎండలో అది విసిరేది వేడిగాలే. ఆఫీసు దారి అదే అయితే తప్పదు. పొడుగు సిగ్నళ్లలో ఇంజిన్ ఆపేయండి.

అందరూ అడిగే ప్రశ్న ఇంకోటుంది. కొత్త బండి మీద గుట్టకు పోవచ్చా? యాదగిరిగుట్ట ఇక్కడి నుంచి అరవై కిలోమీటర్ల పైచిలుకు. ఉప్పల్ దాటి ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి మీదుగా వరంగల్ హైవే. మొక్కు ఉన్నవాళ్లకు వెయ్యి కిలోమీటర్లు అయ్యేదాకా ఆగమని చెప్పలేం. పోవచ్చు. హైవే మీద ఇబ్బంది వేగం ఒక్కటే కాదు, ఒకే వేగం. చెయ్యి ఒకేచోట బిగించి గంటసేపు పోతే రింగు ఒకే చుట్లకు, ఒకే బరువుకు అలవాటు పడుతుంది, వేడి కూడా దిగే వీలుండదు. నలభైకీ యాభై అయిదుకీ మధ్య మార్చుకుంటూ పోండి, ఘట్‌కేసర్ దగ్గర ఒకసారి, భువనగిరి దగ్గర ఒకసారి టీ తాగండి. ముగ్గురు ఎక్కి, ముందు సంచులు పెట్టుకుని పోయేట్టయితే మాత్రం ఆ పని రెండో సర్వీసు తరువాతకు పెట్టుకోవడం మంచిది.

ఇంజిన్ ఒక్కటే కొత్తది కాదన్న సంగతి చాలామందికి తట్టదు. వెనక చక్రం దగ్గర క్లచ్ ఉంది. ఇంజిన్ చుట్లు పెరగగానే దాని షూలు విచ్చుకుని చుట్టూ ఉన్న డ్రమ్మును పట్టుకుంటాయి. అవీ కుదురుకోవాలి. తార్నాక ఫ్లైఓవర్ ఎక్కుతూ ట్రాఫిక్ ఆగినప్పుడు గమనించండి. సగం మంది బ్రేకు పట్టరు, కొంచెం కొంచెం రైజ్ చేస్తూ బండి వెనక్కి జారకుండా నిలబెడతారు. ఆ సేపంతా క్లచ్ సగం పట్టి, సగం జారి కాలుతూనే ఉంటుంది. కొత్త షూల మీద ఇలా చేస్తే నున్నగా మాడిపోయి, బయల్దేరేటప్పుడు బండి వణకడం మొదలవుతుంది. ఎత్తు మీద ఆగితే బ్రేకు పట్టి, చెయ్యి పూర్తిగా వదలాలి.

బ్రేకులూ టైర్లూ అంతే. కొత్త టైరు పైపొర జారుడుగా ఉంటుంది, మొదటి వంద కిలోమీటర్లు మలుపుల్లో వంచకండి. వాన రోజున తెల్ల గీతల మీద మరీ జాగ్రత్త. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ లోపు కొత్త బండ్లన్నిటికీ కాంబీ బ్రేకో ఏబీఎస్సో తప్పనిసరి చేశారు. కాంబీ బ్రేకున్న స్కూటర్లో ఎడమ లీవరు నొక్కితే ముందు చక్రానికి కూడా బ్రేకు పడుతుంది. అయినా ముందు బ్రేకు పూర్తి బలం కుడి లీవరుతోనే వస్తుంది, రెండూ కలిపి నొక్కడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి. కరెంటు స్కూటర్ కొన్నవాళ్లకు ఇంజిన్ గొడవ లేకపోయినా ఈ పేరా మాత్రం వర్తిస్తుంది.

పొద్దున్నే బండి తీసేటప్పుడు అయిదు నిమిషాలు స్టాండు మీద వేడి చేసే అలవాటు కార్బ్యురేటర్ రోజులది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 నియమాలు వచ్చాక స్కూటర్లకు ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసింది, చోకు పోయింది. స్టార్ట్ చేసి, హెల్మెట్ బకిల్ పెట్టుకునేంత సేపు ఆగి, మొదటి కిలోమీటరు నెమ్మదిగా పోతే చాలు. కొత్తలో మైలేజీ తక్కువగా వచ్చినా, సైలెన్సర్ నుంచి కాలిన పెయింటు వాసన వచ్చినా కంగారు పడక్కర్లేదు. నీలం పొగ వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా షోరూంకు తీసుకెళ్లండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, అందరూ తేలిగ్గా తీసుకునేది మొదటి సర్వీసు. కొత్త రుబ్బురోట్లో మొదట ఊరికే కాస్త బియ్యం రుబ్బి ఆ పిండి పారబోస్తాం కదా, ఇసుక పోవడానికి. మొదటి ఆయిల్ కూడా అలాంటిదే. బోరులో అరిగిన మొనల పొడి అంతా అందులోనే ఉంటుంది. చాలా 110 సీసీ స్కూటర్లలో కార్లలో ఉన్నట్టు కాగితం ఫిల్టర్ ఉండదు, జల్లెడ ఒక్కటే ఉంటుంది. సన్నని పొడిని అది ఆపలేదు. ఉన్న ఆయిలే ముప్పావు లీటరు లోపు. దాన్ని మార్చకుండా తిప్పితే ఆ పొడితోనే ఇంజిన్‌ను అరగదీస్తున్నట్టు. వెయ్యి కిలోమీటర్లో, నెల రోజులో, ఏది ముందయితే అది అని కంపెనీలు సాధారణంగా రాస్తాయి. రోజూ మారేడ్‌పల్లి నుంచి మోండా మార్కెట్ దాకా మాత్రమే తిరిగే పెద్దవాళ్లు నెల రోజుల మాటను పట్టించుకోరు, "ఇంకా మూడు వందలే అయింది" అంటారు. వాళ్లకు వర్తించేది నెల గడువే.

ఫ్రీ సర్వీసు అంటే లేబర్ ఫ్రీ, ఆయిల్ డబ్బులు మనవే. ఆయిల్ బయట కొన్నా, రాణీగంజ్‌లో చవగ్గా దొరికినా, డబ్బా మీద గ్రేడు చూడండి. స్కూటర్ క్లచ్ ఆయిల్లో మునిగి ఉండదు కాబట్టి వీటికి జాసో ఎంబీ రకం ఆయిల్ వాడతారు. మోటార్ సైకిళ్లకు వాడే ఎంఏ రకం వేరు. సర్వీసు రోజున బండి అప్పగించి వెళ్లిపోకుండా, పాత ఆయిల్ దింపేటప్పుడు పక్కన నిలబడి చూడండి. బిల్లులో ఆయిల్ పేరు, గ్రేడు, కిలోమీటర్ల రీడింగు రాయించుకుని ఆ కాగితం దాచుకోండి, రేపు వారంటీ అడిగితే చూపాల్సింది అదే.