నడుము పట్టేసే యువకుడికి కన్ను ఎర్రబడితే...

అమీర్‌పేటలో హాస్టల్ గదిలో ఉంటూ కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటున్న 24 ఏళ్ల యువకుణ్ణి ఊహించుకోండి. ఏడాదిగా అతనికి నడుము నొప్పి. తెల్లవారుజామున నొప్పితో మెలకువ వస్తుంది. లేచాక గంటసేపు నడుము కర్రలా బిగుసుకుపోతుంది. కాస్త నడిస్తే సర్దుకుంటుంది. ఎక్కువసేపు కూర్చోవడం వల్లనే అనుకుని ఊరుకున్నాడు. ఒక ఉదయం కుడి కన్ను ఎర్రబడి, ట్యూబ్‌లైటు వెలుతురు కూడా భరించలేకపోయాడు. కళ్లకలక అనుకుని మందుల షాపులో చుక్కల మందు కొని వేసుకున్నాడు. రెండు రోజులకు ఎరుపు కొంత తగ్గింది. చూపు మాత్రం మసకబారింది.

నడుముకూ కంటికీ సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. సంబంధం ఉంది. ఆ రెండు బాధలకూ మూలం ఒకే జబ్బు కావచ్చు.

ఏమిటీ జబ్బు?

దీని పేరు అంకైలోజింగ్ స్పాండిలైటిస్. వెన్నుపూసల మధ్య కీళ్లకూ, తుంటి వెనుక భాగంలోని కీళ్లకూ వాపు వచ్చే వాతరోగం ఇది. సాధారణంగా 45 ఏళ్లలోపే, ఎక్కువగా ఇరవైలలో మొదలవుతుంది. బరువు ఎత్తినప్పుడు వచ్చే నడుము నొప్పి విశ్రాంతితో తగ్గుతుంది. ఈ నొప్పి అలా కాదు. పడుకుంటే పెరుగుతుంది, కదిలితే తగ్గుతుంది. మూడు నెలలకు మించి ఇలా ఉంటే అనుమానించాలి.

ఈ రోగుల్లో ఎక్కువమంది రక్తంలో హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే వంశపారంపర్య గుర్తు ఉంటుందని 1973లో లండన్, లాస్ ఏంజెలస్ పరిశోధకులు వెల్లడించారు. ఒక రకం కంటి వాపుకూ ఇదే గుర్తుతో సంబంధం ఉందని అదే సంవత్సరం తేలింది. అయితే ఈ గుర్తు ఉన్నవారందరికీ జబ్బు రాదు. పరీక్ష కాగితం చూసి బెంగపడనవసరం లేదు.

కంటిలో ఏం జరుగుతుంది?

కంటిపాప చుట్టూ ఉండే రంగు పొరను ఐరిస్ అంటారు. దానికి హఠాత్తుగా వాపు రావడాన్ని యువియైటిస్ అంటారు. ఈ వెన్ను జబ్బు ఉన్నవారిలో ముగ్గురు నలుగురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుంది. చికిత్స ఆలస్యమైతే ఐరిస్ వెనుకనున్న కటకానికి అతుక్కుపోతుంది. శుక్లం, నీటికాసులు, కంటి లోపలి తెరకు వాపు కూడా రావచ్చు.

కళ్లకలక కాదని గుర్తించడం ఎలా?

కళ్లకలకలో పుసులు కడతాయి, దురద ఉంటుంది, తరచు రెండు కళ్లకూ వస్తుంది. యువియైటిస్‌లో పుసులు ఉండవు. నీరు కారుతుంది. సాధారణంగా ఒకే కంటికి వస్తుంది. లోపలినుంచి నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, నల్లగుడ్డు చుట్టూ ఎర్రని వలయం దీని లక్షణాలు. వీటిలో ఏది కనిపించినా అదే రోజు కంటి వైద్యులను కలవాలి. స్లిట్ ల్యాంప్ అనే యంత్రంతో చూస్తేనే జబ్బు నిర్ధారణ అవుతుంది.

చికిత్స, దాని ప్రభావాలు

వాపు తగ్గడానికి స్టెరాయిడ్ చుక్కలు ఇస్తారు. మొదట గంటగంటకూ వేసి, కొన్ని వారాలపాటు నెమ్మదిగా తగ్గిస్తారు. కన్ను తెల్లబడింది కదా అని మధ్యలో ఆపితే వాపు తిరగబెడుతుంది. ఐరిస్ అతుక్కోకుండా కంటిపాపను పెద్దది చేసే చుక్కలు కూడా వేస్తారు. ఆ రోజుల్లో దగ్గరి అక్షరాలు సరిగా కనిపించవు, వెలుతురు కళ్లలో గుచ్చుతుంది. బండి నడపవద్దు. పరీక్షలు దగ్గరలో ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి.

స్టెరాయిడ్ చుక్కలు చూపును కాపాడతాయి, కానీ సొంతంగా వాడే మందు కావు. కొందరిలో కంటి పీడనం పెరుగుతుంది. చాలాకాలం వాడితే శుక్లం రావచ్చు. కంటికి వైరస్ లేదా బూజు సోకినప్పుడు ఇవే చుక్కలు హాని చేస్తాయి. కాబట్టి పాత సీసా మళ్లీ తీయవద్దు, స్నేహితుడి సీసా అడగవద్దు.

వెన్ను నొప్పికి ముందుగా వాపు తగ్గించే నొప్పి మాత్రలు, రోజూ వ్యాయామం చెబుతారు. ఈ మాత్రలు కడుపులో పుండుకూ, మూత్రపిండాల ఇబ్బందికీ దారి తీయవచ్చు. సల్ఫాసలజీన్ మాత్రలు కొందరిలో కంటి వాపు తిరిగి రావడాన్ని తగ్గిస్తాయి. ఇవి వాడేటప్పుడు మధ్యమధ్య రక్తపరీక్ష అవసరం.

వీటితో తగ్గనివారికి బయోలాజిక్ ఇంజెక్షన్లు ఉన్నాయి. వాటిలో అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ వెన్నుకూ కంటికీ మేలు చేస్తాయి. ఎటనర్సెప్ట్ వెన్నుకు పనిచేసినా కంటి వాపును ఆపడంలో వాటికి సాటి రాదు. అందుకే కన్ను ఒక్కసారి ఎర్రబడినా వెన్ను డాక్టరుకు చెప్పాలి. మందు ఎంపికే మారవచ్చు. ఈ ఇంజెక్షన్లు శరీరంలో నిద్రాణంగా ఉన్న క్షయను లేపగలవు. అందువల్ల ముందుగా ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్ష చేయించుకోవాలి. చికిత్సలో ఉండగా విడవని జ్వరం, దగ్గు వచ్చినా, బరువు తగ్గినా వెంటనే చూపించుకోవాలి.

ఇద్దరు వైద్యులు, ఒకే రోగి

మెట్రోలో అమీర్‌పేట తర్వాతి స్టేషనే పంజాగుట్ట. అక్కడి నిమ్స్‌లో కీళ్లవాత వైద్య విభాగం ఉంది. కంటికైతే బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ, మెహదీపట్నంలో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉన్నాయి. దూరం పెద్ద సమస్య కాదు. నడుము చీటీ ఒక సంచిలో, కంటి చీటీ మరో సంచిలో ఉండిపోవడమే సమస్య. కంటి డాక్టరు వద్ద నడుము నొప్పి గురించి చెప్పాలని రోగికి తోచదు.

డబ్లిన్ వైద్యులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో, కారణం తెలియని ఇటువంటి కంటి వాపుతో వచ్చినవారిలో దాదాపు 40 శాతం మందికి అప్పటివరకూ ఎవరూ గుర్తించని వెన్ను వాతం ఉన్నట్లు తేలింది. అంటే కన్ను ఎర్రబడిన రోజే వెన్నును కూడా కాపాడుకునే అవకాశం దొరుకుతుందన్నమాట.

కాబట్టి ఒకే ఫైలు పెట్టుకోండి. కన్ను ఎప్పుడు ఎర్రబడిందో, ఏ చుక్కలు ఎన్ని రోజులు వేశారో తేదీలతో రాసుకోండి. ఇద్దరు వైద్యులకూ అదే ఫైలు చూపండి. మీ ఇంట్లో, మీ హాస్టల్‌లో ఉదయం నడుము పట్టేసిందని చెప్పే యువకుడికి కన్ను ఎర్రబడితే, మందుల షాపుకు కాదు, కంటి డాక్టరు దగ్గరకు తోడు వెళ్లండి. సకాలంలో చికిత్స అందితే చాలామందికి చూపు మునుపటిలాగే నిలుస్తుంది.