కూలోళ్ల పిలకాయలు ఏ గడిలో ఉన్నారు?

వృత్తి శిక్షణ పేరెత్తితే పాలకులు లక్షల్లో లెక్క చెబుతారు. ఆ లక్షల్లో చెరుకు నరికేవాళ్ల బిడ్డలెందరు, సెనక్కాయలు పెరికేవాళ్ల బిడ్డలెందరు అంటే నోరు మెదపరు. పాకాల మండలంలో కూలి సంఘం పనిమీద తిరిగే మాకు ఈ మాట తరచూ వినబడుతుంది: "పిలకాయని ట్రైనింగులో చేర్చినాం. వాణ్ణి ఏ లెక్కలో రాసుకున్నారో మాకేం తెలుస్తాది సామీ?"

తెలియాలి. ఎందుకంటే మన వాటా ఆ లెక్కమీదే ఆధారపడి ఉంది. 2014లో మొదలైన దీన్‌దయాళ్ గ్రామీణ కౌశల్య యోజన నిబంధనల ప్రకారం సీట్లలో సగం దళితులకు, గిరిజనులకు. 15 శాతం మైనారిటీలకు. మొత్తంమీద మూడో వంతు ఆడవాళ్లకు దక్కాలి. నిబంధన మంచిదే. కాని చేరిన రోజు కులం రాసుకుని, పని దొరికిన రోజు మొత్తం అంకె ఒక్కటే చూపిస్తే ఆ సగం ఎక్కడ జారిపోయిందో కనిపెట్టేదెవరు? చేరినవారు, మధ్యలో మానినవారు, సర్టిఫికెట్ అందుకున్నవారు, ఆర్నెల్ల తర్వాత కూడా పనిలో నిలిచినవారు - నాలుగు చోట్లా కులం, ఆడ మగ వేరువేరుగా తేలాలి. ట్రేడువారీగా కూడా తేలాలి. కుట్టుమిషన్ బ్యాచి నిండా ఆడపిల్లల్ని కూర్చోబెట్టి మూడో వంతు పూర్తయిందనొచ్చు; ఎలక్ట్రీషియన్ బ్యాచిలో ఒక్క పిల్ల లేకపోయినా ఆ అంకె బయటపెట్టదు.

గిరిజనుల గడి సంగతి మరీ అన్యాయం. యానాదులు, ఎరుకలవాళ్లు, సుగాలీలు అందరూ ఒకే గడిలో పడతారు. చదువులో కాస్త ముందున్నవాళ్లతో గడి నిండితే, యానాది పిల్ల గడప దాటకున్నా లెక్క సరిపోతుంది. షెడ్యూల్డు కులాలను రాష్ట్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో మూడు గ్రూపులుగా వర్గీకరించింది గనుక, శిక్షణ లెక్కలూ ఆ ప్రకారమే రావాలి.

రాసే లెక్కయినా నిజమా? ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనపై కాగ్ నివేదిక 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకొచ్చింది. సుమారు 95 లక్షల 90 వేల మంది అభ్యర్థుల రికార్డుల్లో నూటికి 94 మందికి పైగా బ్యాంకు ఖాతా గడి ఖాళీ, లేదా సున్నాలు! మనోడు రేషన్ కార్డులో ఒక్క అక్షరం తప్పితే ఎన్నిసార్లు తిప్పుతారో మనకు తెలుసు.

అమెరికా పెట్టుబడిదారీ దేశమే. అయినా అక్కడ వృత్తి విద్యకు కేంద్ర నిధులు తీసుకునే రాష్ట్రాలు 2018 చట్టం ప్రకారం ఫలితాలను జాతివారీగా, ఆడ మగ వారీగా, పేదరికం, వైకల్యం వారీగా చెప్పాలి. వలస వ్యవసాయ కూలీల పిల్లలకు కూడా వేరే వరస ఉంది. పాకాల జంక్షన్లో మూటాముల్లె సర్దుకుని రైలెక్కే కుటుంబాల బిడ్డలకు అలాంటి వరస మనమెందుకు అడగకూడదు?

కులం లెక్క అడిగితే కూలీల ఐక్యత చెడుతుందని కొందరు మిత్రులంటారు. మేము ఒప్పుకోము. సీటు దగ్గర కులం చూసినవాడు లెక్క దగ్గర చూడనంటే దాని భావమేమిటి? అయితే ఒక జాగ్రత్త: మనం అడిగేది అంకెలు, పేర్లు గాదు, ఆధార్ నెంబర్లు అసలే గాదు. ఊళ్లో ఒకే యానాది ఇల్లుంటే, ఊరివారీ అంకె ఆ పిల్లని బజారున పెట్టినట్టే. మండలం మొత్తానికి అడగాలి.

2005 సమాచార హక్కు చట్టం కింద తెలుగులోనే అర్జీ రాయొచ్చు. మండల కార్యాలయానికి 5 రూపాయలు, జిల్లా కార్యాలయానికి 10. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి రుసుం లేదు. కార్డు నకలు జతచేస్తే చాలు. 30 రోజుల్లో జవాబు రాకుంటే పై అధికారికి అప్పీలు చేయాలి. రసీదు మాత్రం పారేయకండి.