కంపెనీ సీడీ లేకుండ కెమెరాలోని చిత్రములను కంప్యూటరునకు చేర్చుట

2000వ సంవత్సరము దాటిన పిమ్మట పది పన్నెండేండ్ల కాలములో మన రెంటచింతల పరిసరములలో డిజిటల్ కెమెరా కొన్న ఇండ్లు కొన్ని కలవు. గల్ఫు దేశమునుండి వచ్చిన బంధువు తెచ్చినది ఒకటి, గుంటూరులోనో హైదరాబాదులోనో కొన్నది మరొకటి. చేతి ఫోనులు వచ్చిన తరువాత అవి బీరువాలలో చేరినవి. వానితో ఇచ్చిన సీడీలు ఎక్కడ పోయినవో ఎవరికిని తెలియదు. దొరికినను నేటి ల్యాప్‌టాపులలో పెక్కింటికి సీడీ పెట్టు అర లేదు. అర ఉన్నను, ఇరువది ఏండ్లనాటి విండోసు కొరకు వ్రాసిన కార్యక్రమము నేటి విండోసుపై నడచునను హామీ లేదు. కాని ఆ కెమెరాలో ఒక ఇంటి నిఖా విందు ఉన్నది. నేడు మనమధ్య లేని ఒక దాదాగారి ముఖము ఉన్నది. చెదలు తినకముందు తీసిన పాత ఉర్దూ ఉత్తరముల పుటలు ఉన్నవి. “సీడీ పోయినది, ఇక బొమ్మలు రావు” అని మా విద్యార్థులు చెప్పగా మేము పలుమార్లు విన్నాము. ఈ మాట సరికాదు. ఎందుకు సరికాదో, ఏమి చేయవలెనో ఇచ్చట వివరింతుము.

అసలు ఆ సీడీ ఎందుకు ఇచ్చెడివారో ముందు గ్రహింపవలెను. 1975లో కొడాక్ సంస్థలో స్టీవెన్ శాసన్ అను యువ ఇంజనీరు నిర్మించిన తొలి డిజిటల్ కెమెరా ఒక్క చిత్రమును క్యాసెట్టు టేపుపై వ్రాయుటకు 23 సెకండ్లు పట్టెడిది. ఆ చిత్రములో ఉన్నవి పదివేల చుక్కలు మాత్రమే. తరువాత కొన్ని ఏండ్లకు కెమెరాలు అంగడికి వచ్చినవి. 1994లో వచ్చిన యాపిల్ క్విక్‌టేక్ అట్టిది. అవి కంప్యూటరుతో సీరియల్ తీగ ద్వారా మాటలాడెడివి. ఆ తీగపై సెకండుకు 1,15,200 బిట్ల వేగమున ఒక మెగాబైటు చిత్రము దిగుటకు దాదాపు ఒకటిన్నర నిమిషము కావలెను. వేగము సంగతి అటుంచినను, ప్రతి కంపెనీకిని తన సొంత భాష ఉండెడిది. ఒక కంపెనీ కెమెరా చెప్పునది మరొక కంపెనీ కార్యక్రమమునకు అర్థము కాదు. కనుక ప్రతి పెట్టెలోను ఒక దుబాసీని పెట్టి పంపవలసి వచ్చినది. ఆ దుబాసీయే సీడీ.

1996లో యూఎస్‌బీ వచ్చినది. దానిని రూపొందించిన ఇంటెల్ బృందములో ముఖ్యుడు అజయ్ భట్, బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయమున చదివిన మన దేశీయుడు. ఆయన పేరు మన విద్యార్థులకు క్రికెటు ఆటగాండ్ర పేర్లంతగా తెలియకపోవుట మాకు కొంత చింత కలిగించు విషయము. యూఎస్‌బీలోని గొప్పతనము వేగమొక్కటే కాదు. తీగ తగిలించినంతనే కంప్యూటరు “నీవు ఎవరవు?” అని అడుగును, పరికరము తన తరగతి సంఖ్యను చెప్పును. తరగతి తెలిసినచో కంపెనీ పేరుతో పని లేదు. నిల్వ పరికరముల తరగతి 8. నిశ్చల చిత్రముల కెమెరాల తరగతి 6. కంప్యూటరుకు ఈ రెండు తరగతుల భాషలు వచ్చినచో చాలును. అయితే విండోసు 98కు నిల్వ పరికరముల భాష పుట్టుకతో రాదు. అందుకే ఆ నాటికి ఇంకను సీడీ తప్పలేదు. 2000లో వచ్చిన విండోసు మిలీనియమునకు అది వచ్చినది, 2001లో వచ్చిన ఎక్స్‌పీకి రెండు భాషలును వచ్చినవి. అనగా సీడీ అవసరము తీరి ఇరువది ఏండ్లు దాటినది. అయినను కంపెనీలు చాలకాలము దానిని పెట్టెలో పెట్టుచునే ఉండినవి, మనమును దానిని తాళముచెవి వలె భావించుచునే ఉన్నాము.

ఆ రెండు తరగతుల భేదమును మన గ్రంథాలయముతో పోల్చి చెప్పవచ్చును. నిల్వ తరగతిలో కెమెరా తన కార్డును పూర్తిగా కంప్యూటరునకు అప్పగించును. ఇది తెరచియుంచిన అలమారాల వంటిది; పాఠకుడు లోనికి పోయి తానే పుస్తకము తీసికొనును, తానే మరల పెట్టును, తప్పు చోట పెట్టినచో బాధ్యత తనదే. రెండవ దానిని పీటీపీ, అనగా చిత్రముల బదిలీ నియమావళి అందురు. దీనిని 2000లో అమెరికాలోని ఛాయాచిత్ర పరికరముల తయారీదారుల సంఘము ప్రకటించినది. 2005లో ఐఎస్ఓ 15740 అను అంతర్జాతీయ ప్రమాణమైనది. ఇందులో అలమారాల తాళములు కెమెరా వద్దనే ఉండును. కంప్యూటరు బల్ల ముందు నిలిచి పట్టిక అడుగును. కెమెరా పట్టిక ఇచ్చును. కోరిన చిత్రమును తానే తెచ్చి ఇచ్చును. కెనాన్ వారి పవర్‌షాట్ కెమెరాలలో అధికభాగము పీటీపీనే వాడును. కొన్ని ఇతర కెమెరాలలో సెట్టింగుల పట్టికలో యూఎస్‌బీ అను చోట రెండింటిలో ఒకటి ఎన్నుకొను వీలు కలదు. ఒక పద్ధతిలో కంప్యూటరు గుర్తింపనిచో రెండవదానికి మార్చి చూడవలెను. చాలమంది ఈ ఒక్క మార్పుతోనే గట్టెక్కుదురు.

ఇక కార్యము. కెమెరా బ్యాటరీని నిండుగ ఛార్జి చేసి, తీగ తగిలించి, కెమెరాను ఆన్ చేయవలెను. కొన్ని కెమెరాలు తీసిన చిత్రములను చూపు స్థితిలో ఉంచిన గాని పలుకవు. విండోసులో ‘దిస్ పీసీ’ తెరచినచో, నిల్వ తరగతి అయితే ఒక కొత్త డ్రైవు అక్షరముతోను, పీటీపీ అయితే అక్షరము లేక కెమెరా పేరుతోను కనబడును. యాపిల్ కంప్యూటరులో ఇమేజ్ క్యాప్చర్ అను సాధనము ముందుగనే ఉన్నది. లినక్సులో జీఫోటో అను ఉచిత సాధనము 2,500 పైచిలుకు కెమెరాలను గుర్తించును. కంపెనీలే మరచిపోయిన పాత కెమెరాలు కూడ ఆ జాబితాలో కలవు. తెలుగులో లినక్సును తీర్చిదిద్దుటకు హైదరాబాదు కేంద్రముగా స్వేచ్ఛ సంస్థ చేసిన కృషిని ఇచ్చట స్మరించుట ధర్మము.

ఏమియు కనబడనిచో మొదట తీగను అనుమానింపవలెను. సాధారణ యూఎస్‌బీ 2.0 తీగలో నాలుగు తంతువులుండును: రెండు విద్యుత్తునకు, రెండు సమాచారమునకు. చౌకగా దొరకు ఛార్జింగు తీగలు కొన్నింటిలో సమాచారపు తంతువులే ఉండవు. దీపము వెలుగును, కాని మాట వినబడదు. కొందరు ఇది చూచి కెమెరా చెడినదని మరమ్మత్తునకు ఇచ్చుట కలదు.

కెమెరా లోపల డీసీఐఎం అను ఫోల్డరు కనబడును. ఇది 1998లో జపాను ఎలక్ట్రానిక్ పరిశ్రమల అభివృద్ధి సంఘము చేసిన నియమము. దానిలోపల 100 నుండి 999 వరకు గల సంఖ్యతో మొదలగు ఫోల్డర్లు, వానిలో నాలుగు గుర్తులు, నాలుగు అంకెలు గల పేర్లతో చిత్రములు ఉండును. అంకెలు 0001 నుండి 9999 వరకే. అది దాటినచో మరల 0001. రెండు కెమెరాల చిత్రములనో, రెండు కార్డుల చిత్రములనో ఒకే ఫోల్డరులో పోసినచో ఒకే పేరు గలవి రెండు తటస్థించును. అప్పుడు కంప్యూటరు “పాతదాని స్థానమున కొత్తది ఉంచనా?” అని అడుగును. తొందరలో ఔనన్నవాడు ఒక పెండ్లిని మరియొక పెండ్లితో తుడిచివేయును. కనుక ప్రతి పర్యాయము కొత్త ఫోల్డరు తెరువవలెను. కెమెరాకు ఇంగ్లీషు అక్షరములు తప్ప రావు గాని, కంప్యూటరులో ఫోల్డరునకు ఉర్దూలోనైనను తెలుగులోనైనను పేరు పెట్టవచ్చును. తేదీ ప్రతి చిత్రములోను దాగియుండును. కాని అది కెమెరా గడియారము చెప్పిన తేదీ. గడియారము తప్పినచో చరిత్రయు తప్పును.

బదిలీకి ‘కట్’ వాడరాదు, ‘కాపీ’ వాడవలెను. మన ఊరిలో కరెంటు ఎప్పుడు పోవునో చెప్పలేము. సగములో ఆగిన కట్ ఏమి మిగుల్చునో అంతకన్న చెప్పలేము. నకలు పూర్తియైన పిదప చిత్రముల సంఖ్యను, మొత్తము పరిమాణమును రెండుచోట్ల సరిపోల్చి, నాలుగైదింటిని తెరచి చూచి, ఆ తరువాతనే అసలును చెరపవలెను. (అసలు, నకలు అను రెండు మాటలును మన తెలుగునకు ఉర్దూ ద్వారా వచ్చినవే కదా.)

కెమెరా బ్యాటరీ పూర్తిగా చచ్చి, దాని ఛార్జరు దొరకని సందర్భములే అధికము. అప్పుడు కార్డును బయటికి తీసి కార్డు రీడరులో పెట్టుటయే మేలు, కెమెరా బ్రతికియుండనక్కరలేదు. కొద్ది వందల రూపాయల ఈ పరికరమును కళాశాల సంఘమువారు కార్యాలయమునకు ఒకటి, గ్రంథాలయమునకు ఒకటి కొనియుంచినచో ఏటేటి వార్షికోత్సవ చిత్రములు ఎవరెవరి కెమెరాలలోనో మిగిలిపోవు దుస్థితి తప్పును. ఎస్‌డీ కార్డు ప్రక్కన ఒక చిన్న మీట ఉండును. దానిని తాళపు గుర్తు వైపు జరిపి పెట్టినచో చిత్రములు పొరపాటున చెరుగవు. కార్డు పెట్టగానే కంప్యూటరు “దీనిని ఫార్మాటు చేయవలెను” అన్నచో ఎంతమాత్రము అంగీకరింపరాదు. అది చిత్రములు లేవని కాదు, పట్టిక చదువలేకపోతినని చెప్పుట. పాత రీడరులో పెట్టిన కొత్త కార్డులకు ఇట్లు జరుగుట సాధారణము. రీడరు మార్చి చూడవలెను. పట్టిక నిజముగా చెడినచో ఫోటోరెక్ అను ఉచిత సాధనము పట్టికతో పనిలేక చిత్రములను వెదకి తీయును, కాని పేర్లు పోవును. అట్టి కార్డుపై కొత్త చిత్రములు తీయరాదు.

కార్డు ఖాళీగా కనబడినచో నిరాశ చెందరాదు. చాల చిన్న కెమెరాలకు సొంతముగా కొద్ది మెగాబైట్ల అంతర్గత నిల్వ కలదు. కార్డు లేనప్పుడు తీసిన చిత్రములు అందులో చేరును. వానిని ఏ రీడరును అందుకొనలేదు. తీగ ద్వారా వానిని పొందవచ్చును. ఒలింపస్, ఫ్యూజీ కెమెరాలలోని ఎక్స్‌డీ కార్డు, సోనీ వారి పాత మెమొరీ స్టిక్కు గలవారికిని తీగయే సులువు, ఏలయన వానికి రీడర్లు నేడు అరుదు.

రా అను ముడి రూపములో తీసిన చిత్రముల విషయము వేరు. అవి బదిలీ అగును గాని మామూలుగా తెరచుకొనకపోవచ్చును, ఏలయన వాని రూపము కంపెనీకొకటి. డార్క్‌టేబుల్, రాథెరపీ వంటి ఉచిత కార్యక్రమములు వానిలో పెక్కింటిని చదువును.

ఒక్క హెచ్చరిక మన ఊరికి ప్రత్యేకము. సామాన్య కెమెరాలు 0 నుండి 40 డిగ్రీల వేడిమిలో పనిచేయునట్లు తయారైనవి. రెంటచింతల వేసవి ఆ హద్దును లెక్కచేయదు. రేకుల గదిలో మిట్టమధ్యాహ్నము గంటసేపు బదిలీ పెట్టి బ్యాటరీని ఉడికించుటకంటె, ఉదయము ఏడు గంటలలోపు కూర్చుండుట యుక్తము.